బట్ట నేయువా రెవరు?



వృత్తులను గూర్చియు, ఆయా వృత్తులవారు చేయు పనులను గూర్చియు కొంత చెప్పవలసినదని నన్ను కోరిరి. వృత్తులన్నిటిని ఒక్క ప్రసంగములో చెప్పబూనుట పేర్ల పట్టిక చదువుటయే యగును. కావున చేనేత నొక్కదానిని తీసికొని, దానిలోని పనులను ఒకటొకటిగా విప్పి చూపుదును.

చిన్న తరగతుల పిల్లలచేత మేము "కుమ్మరి యేమి చేయును? కుండలు చేయును. సాలెవాడేమి చేయును? బట్టలు నేయును" అని వల్లె వేయించెడివారము. పిల్లలకు అది చాలును. పెద్దలకు చాలదు. ఏలయన సహకార సంఘములో మజూరీ నిర్ణయించువారు, గ్రామసభలో అర్హుల పట్టిక చదివించి వినువారు, ఇంటి పిల్లవానిని ఏ పనిలో పెట్టవలయునో తేల్చువారు పెద్దలే. బట్ట నేయువాడు మగ్గముపై కూర్చున్న వాడొక్కడే యని వారనుకొన్నచో, ఆ తీర్మానములలో సగముమంది మరుగున పడుదురు.

సంస్కృతము చదివినవారికి బట్ట క్రొత్త దృష్టాంతము కాదు. అన్నంభట్టు తన తర్కసంగ్రహములో కారణములు మూడు విధములని చెప్పుచు బట్టనే ఉదాహరణముగా గైకొనెను. దారములు సమవాయి కారణము. దారముల కూడిక అసమవాయి కారణము. నాడె, మగ్గము మొదలగునవి నిమిత్త కారణము. ఈ "మొదలగునవి" యను మాటను విద్యార్థులకు ఎన్నో యేండ్లు చెప్పితిని. శాస్త్రమునకు ఆ మాట చాలును. అందలి పేర్లన్నియు ఎత్తి చెప్పుట దాని పని గాదు. నేటి నా ప్రసంగమంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమనుకొనుడు.

మొదట ప్రత్తి. శ్రీకాకుళము జిల్లా పొందూరులో ఖద్దరు కొరకు ప్రత్తిని శుభ్రపరచు రీతి చూడదగినది. వాలుగ చేప దవడయెముకను సన్నని పండ్లతో సహా దువ్వెనగా చేసికొని, గింజ నంటియున్న ప్రత్తిని స్త్రీలు దువ్వుదురు. పండ్లలో చెత్తయు, పొట్టిపోగులును చిక్కుకొనును. నిడుపైన పోగులు మిగులును. పిదప గింజ తీయుట, దూది నేకుట, ఏకులు చుట్టుట, రాట్నముపై వడకుట. ఇవి యన్నియు వేరువేరు పనులు, వేరువేరు నేర్పులు. దూది నేకు పనిని బట్టియే దూదేకులవారను పేరు వచ్చినది. నేడు ఆ పేరు గలవారిలో దూది నేకువారు మిక్కిలి అరుదు. పని పోయినను పేరు నిలిచినది. నేతలో దీనికి విరుద్ధముగా పని నిలిచి పేరు లేనివారు కలరు. వారి సంగతియే నేను చెప్పవలసినది.

పొందూరు వంటి కొన్ని చోట్లు తప్ప, మన చేనేతకు నూలు మిల్లులనుండియే వచ్చుచున్నది. నూలునకు నంబరు చెప్పుదురు గదా! 40వ నంబరు, 80వ నంబరు, 100వ నంబరు అందురు. దాని యర్థము చాలమందికి తెలియదు. 840 గజముల నూలు ఒక చిలప. ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాముల నూలులో అట్టి చిలప లెన్ని యున్నవో అదియే ఆ నూలు నంబరు. మంగళగిరి చీరలకు 80వ నంబరు నూలు ప్రసిద్ధము. 80 చిలపలనగా 67,200 గజములు. మైళ్లలో చెప్పిన 38 మైళ్లకు పైమాట. గుప్పిళ్లతో పట్టుకొనదగిన పౌను నూలులో 38 మైళ్ల దారమున్నదన్నమాట. ఆ దారమంతయు ఎవరివో చేతులగుండ గజము గజముగా జారిపోయిన గాని మగ్గము చేరదు. ఈ లెక్కను మనస్సులో నుంచుకొనుడు.

చిలపను తడిపి, రంగు వేయవలసియున్న వేసి, ఆరవేసి, తేలికయైన చట్రమునకు తగిలించి, రాట్నము త్రిప్పుచు చుట్టవలయును. నిలువుపోగైన పడుగు కొరకు పెద్ద కండెలు, అడ్డుపోగైన పేక కొరకు నాడెలో నిముడు చిన్న కండెలు. చిన్న కండె కొంతసేపటికే అయిపోవును. కావున మగ్గమాడుచున్నంతసేపు ఎవరో ఒకరు కండెలు చుట్టి యందించుచునే యుండవలయును. ఆ యెవరో సాధారణముగా ఇంటి యిల్లాలు, లేదా ముసలి తల్లి.

ఇది చేతకానివారికి ఇచ్చు పని యని తలపకుడు. కండెను వదులుగా చుట్టినచో నాడె పరుగెత్తునపుడు పోగు గుంపుగా జారి చిక్కుపడును. బిగించి చుట్టినచో పోగు తెగును, లేదా బట్ట యంచు లోనికి లాగుకొనును. మొదట లావుగాను, కొసకు సన్నముగాను, వ్రేళ్ల యొత్తిడి మారకుండ చుట్టవలయును. మంగళగిరిలో ఒక ముదుసలిని, "అమ్మా, మీరేమి పని చేయుచుందురు?" అని యడిగితిని. "నాకేం పని పంతులుగారూ, ఊరికే కూర్చునే గదా ఉంటాను. పని చేసేది మా అబ్బాయి" అనెను. ఆ మాట యనునపుడు కూడ ఆమె చేయి రాట్నము మీదనుండి తీయలేదు.

తరువాత పడుగు పోయుట. వెనుక నేలపై వరుసగా కర్రలు పాతి, దారమును వాని చుట్టును త్రిప్పుచు ఆ కొసనుండి ఈ కొసకు, ఈ కొసనుండి ఆ కొసకు నడచెడివారు. ఇప్పుడు పలుచోట్ల పెద్ద గుండ్రని చట్రములు వచ్చినవి. సాధన మేదైనను సూత్ర మొక్కటే. ఒక పోగు కర్రకు ముందుగాను, దాని ప్రక్కపోగు వెనుకగాను వచ్చునట్లు పోయవలయును. ఈ యొడుపు తప్పినచో వేలకొలది పోగులలో ఏది ముందో ఏది వెనుకయో తేల్చుట ఎవరితరమును గాదు. పడుగు పోయువాడు పోగులు లెక్కించుచుండగా పిలువరాదని నేతవారి యిండ్ల పిల్లలకు ముందుగా నేర్పుదురు.

ఇక గంజి. నన్నడిగినచో నేతలోని పనులన్నిటిలో దీనిని గూర్చియే ఎక్కువ చెప్పవలయునందును. పడుగు పోగు పడు బాధ పేకకు లేదు. పేక ఒక్కమారు పోయి తన చోట నిలుచును. పడుగు పోగును మాత్రము దువ్వెనపండ్లవలె సన్నని పుల్లలు గల పన్నె ప్రతి పోటునను రాచుచుండును. అచ్చు క్రిందికి మీదికి లాగుచుండును. గంజిలేని పోగునకు నూగు లేచును, లేచిన నూగు ప్రక్కపోగు నూగుతో పెనవేసికొనును, రెండును తెగును. గంజి ఆ నూగును పోగునకు అంటించి, పోగునకు బలమును నునుపును ఇచ్చును.

తెల్లవారుజామున, ఎండ రాకమునుపే, వీధిలో పడుగును చాచి రెండు కొసలను బిగింతురు. బియ్యపు గంజిని పలుచగా కాచి, వడకట్టి, కొంచెము నూనె కలుపుదురు. దానిని పడుగంతటికిని పట్టించి, పెద్ద కుంచెలు చేతబట్టి, పోగులు విడివిడిగా నిలుచునట్లు ఒకే దిక్కుగా దువ్వుచు నడచుదురు. పైన దువ్విన పిదప క్రిందివైపు. తెగిన పోగును అక్కడికక్కడ అతుకుదురు. గంజి తడి యుండగనే దువ్వుట ముగియవలయును. కావున ఇది ఒక్కరి పని గాదు. ఇంటివారు చాలక ఇరుగుపొరుగువారు చేయి కలుపుదురు. నేడు మీ పడుగు, రేపు మా పడుగు.

ఎండ ముదిరిన గంజి యొక్కమారుగ బిగిసి పోగు పెళుసగును. మంచు హెచ్చిన ఆరదు. వాన వచ్చిన చెప్పనక్కరలేదు. గంజి చిక్కనైన పోగులంటుకొనును, పలుచనైన పట్టదు. దీనికి కొలపాత్ర లేదు. గంజిలో వ్రేలు ముంచి చూచి చెప్పుదురు. వానకాలములో నేతవారి యిండ్ల రాబడి తగ్గుటకు మగ్గపుగుంటలలో నీరూరుట యొక కారణమైన, వీధిలో పడుగు చాచ వీలులేకపోవుట మరియొక కారణము. నేడు వీధులలో మోటారు సైకిళ్లు, ఆటోలు తిరుగుచున్నవి. ఒకప్పుడు వీధి నేతవాని కార్ఖానాలో భాగముగా నుండెను. ఇప్పుడు అది త్రోవ మాత్రమే. వీధి కొలతలు వేయించి సిమెంటు పోయించు పంచాయతీ పెద్దలు ఈ సంగతిని తలచియుందురా యని నాకు సందేహము. గంజి పట్టువారు ఒక వాడలో పని మానినచో ఆ వాడలోని మగ్గములకు పడుగు రాదు. నేతగాడు ఎంత నేర్పరియైనను చేతులు ముడిచికొని కూర్చుండవలసినదే.

నేతగాని పని సులభమని నేననుట లేదు. గుంటలో కాళ్లుంచి తొక్కుడుకర్రల నాడించుచు, ఒకచేత నాడెత్రాడు లాగుచు, ఇంకొకచేత పలకతో పోటు వేయుచు, కన్నును అంచునందు నిలిపి దినమంతయు కూర్చుండుట యెంత శ్రమయో మీరు చూచియే యుందురు. దానిని మనము చూచుచున్నాము గనుకనే విస్తరింపలేదు.

చరిత్రలో ఒక సంగతి కలదు. 1733లో ఇంగ్లండున జాన్ కే యనునాతడు త్రాడు లాగిన పరుగెత్తు నాడెను కనిపెట్టెను. నేత వేగము పెరిగెను. నేతగాండ్రకు నూలు చాలకపోయెను. వడకువారు ఆ వేగము నందుకొనలేకపోయిరి. ఆ కొరత తీర్చుటకే 1760 దశకములో ఒక్కమారుగ అనేకపు కదుళ్లు తిరుగు రాట్నమును హార్‌గ్రీవ్స్ కల్పించెను. మగ్గ మొక్కటి బాగుపడినంత మాత్రమున నేత బాగుపడదని ఆనాడే తేలినది.

మన దేశములో దీనికి సాటివచ్చు కథ పోచంపల్లి నేతలో నున్నది. భూదానమువలన 1951లో పేరుగాంచిన యూరు అదియే. అక్కడి చీరలలోని పువ్వులు, గళ్లు, బాణపుకొనలు అద్దకముతో గాని, మగ్గముపై పెట్టిన బుటాతో గాని వచ్చినవి కావు. నేయకమునుపే నూలుపోగులను లెక్కప్రకారము అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుదురు. కట్టిన చోట రంగెక్కదు. విప్పి, మరల వేరొకచోట కట్టి, వేరొక రంగులో ముంచుదురు. దీనిని చిటికి కట్టుట యందురు. నేయునపుడు ప్రతి పోగుమీది రంగు తన చోటికి వచ్చి నిలిచి పువ్వగును. వెంట్రుకవాసి తప్పినను పువ్వు చెదరును. పుట్టపాకలోను చీరాలలోను పేరుగన్న తేలియా రుమాలునకు, ఆముదపు కాయల బూడిదను నూనెతో కలిపి నూలునకు ముందుగా పట్టింతురు. ఆ కథ వేరుగా చెప్పదగినది.

చిటికి కట్టుటకు ముందు పోగును ఆసుపై పోయవలయును. ఆసనగా ఒకవైపున అర్ధచంద్రాకారముగా మేకులు నాటి, రెండవవైపున ఒక్క మేకుంచిన చట్రము. పోగును ఈ మేకునుండి ఆ మేకునకు, ఆ మేకునుండి ఈ మేకునకు చేతితో త్రిప్పుచు పోవలయును. రెంటికి నడుమ దూరము ఇంచుమించు గజము. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ఇటునటు ఆడవలయునని లెక్క కట్టిరి. అది నాలుగైదు గంటల పని. దినమునకు రెండు చీరలకు ఆసు పోసిన స్త్రీ చేయి 18,000 మారులు ఆడును. ఈ పని తరతరములుగా స్త్రీలదే. భుజములు, మోచేతులు పట్టుకొనిపోయి, రాత్రులు నిద్ర లేక, కొందరు నడివయస్సులోనే పని మానుకొనిరి. చీరను కొనునపుడు మగ్గపు నేర్పును మెచ్చుకొనువారే గాని, ఆ చీరలో నొక స్త్రీ భుజము అరిగినదని యెరిగినవారు తక్కువ.

ఆలేరు ప్రాంతపు శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశముగారు తమ తల్లి లక్ష్మిగారు ఈ పనిచే పడు బాధను చిన్ననాటినుండి చూచినవారు. పెద్దచదువు చదివినవారు కారు. ఆరవ తరగతితోనే బడి మానినారు. 1992లో ఆసు పోయు యంత్రమును తయారు చేయుటకు పూనుకొని, డబ్బు చాలక, ఊరివారి మాటలు పడుచు, హైదరాబాదులో చిన్నపనులు చేసికొనుచు, 1999లో దానిని పూర్తి చేసిరి. తల్లి పేరిట దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టిరి. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియుచున్నది. చేయి ఆడింప నక్కరలేదు. 2017లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. వారు మగ్గమును ముట్టుకొనలేదని మీరు గమనింపవలయును. మగ్గమునకు ముందున్న, ఎవరికిని పట్టని పనిని ముట్టుకొనిరి. దానితో మగ్గములకును ఊపిరి వచ్చినది. మగ్గమును బాగుచేయవచ్చినవారు పలువురుండగా ఆసువైపు చూచుటకు ఆ యింటి కొడుకే కావలసివచ్చెను.

ఇక మజూరీ సంగతి. సంఘముగాని, షావుకారుగాని నూలిచ్చి, చీర యొక్కింటికి ఇంత యనియో, పడుగునకు ఇంత యనియో కట్టి యిత్తురు. చేతికి వచ్చునది నేతగాని మజూరీ యని పుస్తకములో వ్రాయుదురు. నిజమునకు అందులో కండెలు చుట్టినవారి కూలియు, గంజి పట్టినవారి కూలియు కలసియున్నవి. పొరుగువారిని పిలిచి చేయించుకొన్నచో ఆ కూలి బయటికి పోవును గనుక కనబడును. ఇంటివారే చేసినచో కనబడదు. "ఫలానివాడు దినమునకు ఇంత గడించుచున్నాడు" అని మనము రచ్చబండమీద అనుకొను సొమ్ము పలుచోట్ల ఒక్కని గడన గాదు, ఇద్దరిది, ముగ్గురిది. మజూరీ పెంపు మాట వచ్చినపుడు, "ఈ చీరకు ఇంటిలో ఎందరు, ఎన్ని గంటలు పనిచేసిరి?" అని యడుగుట న్యాయము. అడిగిన వెంటనే లెక్క మారును.

2019–20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణనలో నేతగాండ్రను వేరుగాను, అనుబంధపు పనివారిని వేరుగాను లెక్కించిరి. మొత్తము 35 లక్షలకు పైగా పనివారు. అందు 26 లక్షల 73 వేలకు పైగా నేతగాండ్రు, 8 లక్షల 48 వేలకు పైగా అనుబంధపు పనివారు. నేతగాండ్రలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే. "సాలెవాడు" అని మగవానిగా చెప్పు మన వాచకపు మాట లెక్కకు నిలువదు. అనుబంధపు పనివారిని వేరుగా లెక్కించుట మంచి పని. అయినను ఉదయము కండెలు చుట్టి మధ్యాహ్నము మగ్గమునకు దిగు స్త్రీని ఏ గడిలో వేసినను ఆమె పనిలో సగము లెక్కకు రాకపోవును.

పట్టికలో నుండుట వట్టి గౌరవము కొరకు గాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సొంత మగ్గము గల చేనేత కుటుంబమునకు ఏడాదికి 24,000 రూపాయలిచ్చు పథకమును ప్రారంభించెను. ఉద్దేశము మంచిదే, కష్టకాలములో అనేకుల కాదుకొన్నదే. కాని సొంత మగ్గమను నియమమువలన, ఇతరుల మగ్గములకు పని చేసిపెట్టి బ్రదుకువారు ఆ వాకిటి బయటనే నిలిచిరి. ఆ పథకము తరువాత ఆగిపోయినది. ఇంకొక పథకము వచ్చినపుడు మన యూరి పట్టిక వ్రాయువారికి ఈ బయటివారి పేర్లు చెప్పవలసినవారు గ్రామపు పెద్దలే. గుమాస్తాకు మగ్గము కనబడును గాని కుంచె కనబడదు.

అట్టి బయటివారిలో ఒకరిని గూర్చి చెప్పి ముగించెదను. నేత పూర్తియైన బట్టను కోయునపుడు పడుగును మొదలంట తీసివేయరు. అచ్చులోను, పన్నెలోను దూరియున్న పాత పోగుల కొసలను కొంతమేర అట్లే వ్రేలాడనిత్తురు. తీసివేసినచో క్రొత్త పడుగులోని వేలకొలది పోగులను ఒక్కొక్కదానిని అచ్చుకంటిలో దూర్చి, పన్నెసందులో దూర్చి, మరల మొదటినుండి సాగింపవలసివచ్చును. అందుచే క్రొత్త పడుగు వచ్చినపుడు, దాని పోగుల నొక్కొక్కదానిని పాత పోగు కొసకు చేర్చి, బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను మెలివేసి అతుకుదురు. ముడి వేయరు, ముడి పన్నెలో పట్టును. వ్రేళ్లకు కొంచెము బూడిద రాచికొని, వరుస తప్పకుండ, మాటలాడకుండ గంటల తరబడి చేయు పని యిది. ఒక పోగు దాటిపోయిన బట్టపొడవునను గీత పడును. ఈ పనిలో చేయితిరిగినవారు కొందరు ఇల్లిల్లు తిరిగి పడుగునకింత యని కూలి తీసికొని అతికి పోవుదురు. వారిలో పలువురు స్త్రీలు. మగ్గము లేనివారే ఎక్కువ. అతుకు పూర్తి కాగానే నేతగాడు పాత పోగులను మెల్లగా ముందునకు లాగును. అతుకులు అచ్చును, పన్నెను దాటి ఇవతలికి వచ్చును. ఆమె కూలి తీసికొని పొరుగింటికి పోవును. నేత మొదలగును.